వెడల్పు మన చేతిలో లేదు

ఒకప్పుడు చాలా వెబ్‌సైట్ల అడుగున ఒక సూచన ఉండేది. ఈ సైటును ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో, 800×600 రిజల్యూషన్‌లో చూడండి అని. మానిటర్లు పెద్దవయ్యాక ఆ అంకె 1024×768 అయింది. మన దగ్గర ప్రభుత్వ శాఖల సైట్లలోనూ కాలేజీల సైట్లలోనూ ఆ వాక్యం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. అందులో ఉన్న దబాయింపు అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు. చదవడానికి వచ్చినవాడే తన కంప్యూటర్ సెట్టింగులు మార్చుకోవాలట!

అది పొగరు వల్ల వచ్చిన దబాయింపు కాదు, అలవాటు వల్ల వచ్చింది. వెబ్ డిజైన్‌లోకి తొలి రోజుల్లో వచ్చినవాళ్లలో చాలామందికి తెలిసింది అచ్చు పని. డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్ మీద శుభలేఖలు, కరపత్రాలు చేసిన చేతులు వెబ్ పేజీలకు మళ్లాయి. అచ్చులో ముందు కాగితం ఉంటుంది, తర్వాతే డిజైన్. ఏ4 అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు. అది కాకినాడలో చదివినా కరీంనగర్‌లో చదివినా అంతే. ఆ నిశ్చింతకు అలవాటుపడినవారికి, పాఠకుడు మూల పట్టుకుని లాగితే సాగే, నెడితే కుంచించుకుపోయే పేజీ ఒక పీడకల.

అందుకని కాగితం లేనిచోట కాగితాన్ని కల్పించుకున్నారు. 1996లో వచ్చిన డేవిడ్ సీగెల్ పుస్తకం ‘క్రియేటింగ్ కిల్లర్ వెబ్ సైట్స్’ ఆ తరానికి పాఠ్యపుస్తకం లాంటిది. అంకెల పట్టికల కోసం ఉన్న హెచ్‌టీఎంఎల్ టేబుల్‌ను పేజీ మొత్తానికీ చట్రంగా వాడటం, ఖాళీ నిలబడటానికి ఒకే ఒక్క పిక్సెల్ ఉన్న పారదర్శకమైన బొమ్మను సాగదీసి ఇరికించడం ఆ కాలపు చిట్కాలు. చిట్కాలు పనిచేశాయి. పేజీ అందంగా వచ్చింది, కాకపోతే కదలడం మానేసింది. 2008లో నేథన్ స్మిత్ ‘960 గ్రిడ్ సిస్టమ్’ విడుదల చేసేసరికి ఆ ఊహా కాగితానికి ఒక ప్రామాణిక కొలత కూడా స్థిరపడింది. 960 అనేది 1024 తెరలో హాయిగా ఇముడుతుంది. పైగా 2, 3, 4, 5, 6, 8, 10, 12, 15, 16 దేనితో భాగించినా శేషం మిగలదు. లెక్క వచ్చినవాళ్లకు అంతకన్నా ముద్దొచ్చే అంకె దొరకదు.

విచిత్రం ఏమిటంటే వెబ్ పేజీ బిగుసుకుపోయి పుట్టలేదు. 1991లో సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొట్టమొదటి సైటు ప్రతిని ఇప్పటికీ సెర్న్ వారి సైటులో చూడొచ్చు. కంప్యూటర్లో దాన్ని తెరిచి విండో అంచు పట్టుకుని లోపలికి జరిపితే వాక్యాలు వాటంతటవే కొత్త వరసలు కట్టుకుంటాయి. ఎంత జరిపినా ఏదీ బయటికి పొడుచుకు రాదు. అందులో డిజైన్ అన్నదే లేదు కాబట్టి విరగడానికీ ఏమీ లేదు. తర్వాత వచ్చిన ఇరుకంతా డిజైనర్లు రాసిన కొలతల వల్ల వచ్చిందే. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఆల్సప్ 2000 ఏప్రిల్‌లో ‘ఎ డావో ఆఫ్ వెబ్ డిజైన్’ అనే వ్యాసంలో ఈ సంగతే తవ్వాడు. కాగితం మీద డిజైనర్‌కు ఉన్న పట్టు నిజానికి కాగితం తాలూకు పరిమితి, దాన్ని వెబ్ మీదికి మోసుకురావడం దేనికి అన్నది ఆయన వాదన సారం. అప్పుడు విని మెచ్చుకున్నవారు ఉన్నారు కానీ పని మార్చుకున్నవారు తక్కువ.

మార్చుకోక తప్పని రోజు 2007లో వచ్చింది. తొలి ఐఫోన్ తెర అడ్డంగా 320 పిక్సెళ్లు. 960 కోసం గీసిన సైట్లు అందులో ఎలా పడతాయి? ఆపిల్ ఇంజినీర్లు ఒక అబద్ధం కనిపెట్టారు. తన తెర వెడల్పు 980 అని ఫోన్ బ్రౌజర్ సైటుకు చెబుతుంది. సైటు ఆ లెక్కన పేజీ పరుస్తుంది. బ్రౌజర్ దాన్నంతా కుదించి 320లో చూపిస్తుంది. చీమల్లాంటి అక్షరాలను రెండు వేళ్లతో సాగదీసి చదువుకోవాలి. ఆ అబద్ధం ఈనాటికీ ఫోన్లలో బతికే ఉంది. ‘నాకు ఆ మర్యాద అక్కర్లేదు, నీ అసలు వెడల్పే చెప్పు’ అని పేజీ తలకట్టులో ఒక వాక్యం రాస్తే తప్ప ఫోన్ నిజం చెప్పదు. ఆ వాక్యం పేరే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్. వెడల్పు విలువ దగ్గర ‘డివైస్-విడ్త్’ అని రాస్తే చాలు. పేజీ రూపురేఖలు చెప్పే మిగతా సీఎస్‌ఎస్ అంతా ఎంత చక్కగా రాసినా ఈ ఒక్క వాక్యం మరిచిపోతే ఫోన్‌లో అంతా వృథా. కొత్తగా నేర్చుకునేవారు గంటల తరబడి తలలు పట్టుకునే చోటు కూడా ఇదే.

కొన్నాళ్లపాటు పెద్ద కంపెనీలు రెండు సైట్లు నడిపాయి. కంప్యూటర్‌కు ఒకటి, చిరునామా ముందు ‘ఎం’ చేర్చి ఫోన్‌కు మరొకటి. దాని తలనొప్పి వాడినవాళ్లకే తెలుస్తుంది. కాకినాడలో అమ్మ ఫోన్లో చూసి వాట్సాప్‌లో పంపిన లింకును డల్లాస్‌లో కూతురు లాప్‌టాప్‌లో తెరిస్తే, వెడల్పాటి తెర నడుమ ఫోన్ పేజీ బిక్కుబిక్కుమంటూ కనిపించేది. లేదా ఆ పేజీ రెండో సైటులో అసలు ఉండేదే కాదు.

ఈతన్ మార్కాట్ 2010 మే 25న ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రికలో రాసిన ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ వ్యాసం ఈ చిక్కును విప్పింది. ఆయన కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. అప్పటికే విడివిడిగా ఉన్న మూడింటిని కలిపాడు. శాతాల్లో కొలిచే గ్రిడ్, తన గదిని దాటని బొమ్మలు, వెడల్పును బట్టి నియమాలు మార్చే మీడియా క్వెరీలు. ఉదాహరణగా షెర్లాక్ హోమ్స్ పాత్రలతో ‘బేకర్ స్ట్రీట్ ఇంక్వైరర్’ అనే కల్పిత పత్రిక పేజీ చేసి చూపించాడు. శాతాల లెక్క చాలా తేలిక. 960లో 300 పిక్సెళ్ల పక్కవరస ఉంటే 300ను 960తో భాగించాలి, 31.25 శాతం వస్తుంది. ఇక తెర ఎంతైనా ఆ నిష్పత్తి చెడదు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ‘బోస్టన్ గ్లోబ్’ దినపత్రిక తన కొత్త సైటును ఇదే పద్ధతిలో తెచ్చింది. అన్ని వార్తలు, అన్ని ప్రకటనలు మోసే ఒక పెద్ద పత్రిక ఒకే సైటుతో అన్ని తెరలకూ సరిపోగలదని తేలాక ‘ఎం’ సైట్ల పని క్రమంగా తగ్గిపోయింది. 2015 ఏప్రిల్ 21 నుంచి ఫోన్‌లో చదవడానికి వీలైన పేజీలకు మొబైల్ వెతుకులాటలో గూగుల్ పైస్థానం ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఊగిసలాడినవాళ్లు కూడా ఆ దెబ్బతో దారిలోకి వచ్చారు.

ఇదంతా చరిత్ర. పని నేర్చుకునేవారు ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. అసలు వెడల్పు అంటే ఏమిటి?

ఫోన్ డబ్బా మీద అడ్డంగా 1080 పిక్సెళ్లు అని రాసి ఉంటుంది. సీఎస్‌ఎస్ దృష్టిలో మాత్రం ఆ ఫోన్ వెడల్పు తరచుగా 360 మాత్రమే. ఆ తెర మీద మూడేసి భౌతిక పిక్సెళ్లను ఒక్కటిగా లెక్కిస్తారు కాబట్టి. 2010లో ఐఫోన్ 4 పిక్సెళ్లను రెట్టింపు చేసి 640కి తెచ్చినా, సైట్లకు అది 320గానే కనిపించింది. కాబట్టి డబ్బా మీద అంకెలు చూసి డిజైన్ చేయకూడదు. మన మార్కెట్‌లో ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు 360, 393, 412 దగ్గర తిరుగుతాయి. 2017లో వచ్చిన జియోఫోన్ తెర అడ్డంగా 240. 2019 నాటి గెలాక్సీ ఫోల్డ్‌ను మడిచినప్పుడు పై తెర 280. మామూలు లాప్‌టాప్ 1366, ఆఫీసు మానిటర్ 1920.

ఇంతటితో అయిపోతే ఒక జాబితా రాసుకుని గోడకు అంటించుకోవచ్చు. కానీ తెర వేరు, విండో వేరు. 1366 లాప్‌టాప్‌లో ఒక పక్క ఎక్సెల్, మరో పక్క బ్రౌజర్ పెట్టుకున్న గుమాస్తాకు సైటు 683లో కనిపిస్తుంది. ఆ అంకె ఏ ఫోన్ జాబితాలోనూ ఉండదు. అదే లాప్‌టాప్‌లో చూపు మందగించిన పెద్దాయన కంట్రోల్ నొక్కి ప్లస్ కొడుతూ 200 శాతానికి పెంచుకున్నారనుకోండి, బ్రౌజర్ లెక్కలో ఆయన తెర కూడా 683 అయిపోతుంది. జూమ్ చేయడమంటే తెరను ఇరుకు చేయడమే. వెబ్ సౌలభ్య ప్రమాణాల 2018 నాటి కూర్పు డబ్ల్యూసీఏజీ 2.1లో ఇందుకే ఒక నియమం చేర్చారు. 320 సీఎస్‌ఎస్ పిక్సెళ్ల వెడల్పులో కూడా, అడ్డంగా జరపాల్సిన పని లేకుండా పాఠం చదవగలగాలి అని. 320 ఎందుకంటే 1280 తెరను 400 శాతం జూమ్ చేస్తే వచ్చేది అదే. అంటే ఫోన్‌కు సరిపడేలా చేసిన పని సగం, చూపు తగ్గినవారికి చేసిన పని కూడా అవుతుంది. ఈ సంగతి తెలిశాక చాలామంది డిజైనర్లు ‘ఫోన్ వెర్షన్’ అనే మాట వాడటం మానేస్తారు. మానేయడం మంచిది కూడా.

ఇప్పుడు పనిలోకి దిగాలి. ఉప్పాడలో చేనేత చీరలు అమ్మే ఒక చిన్న దుకాణానికి పేజీ చేయాలనుకుందాం. పైన దుకాణం పేరు, కింద చీరల ఫొటోలు వాటి ధరలు, ఆ కింద నేత గురించి నాలుగు పేరాలు, చివర ఫోన్ నంబరు.

మొదట రంగులూ వరసలూ పక్కన పెట్టి, వట్టి హెచ్‌టీఎంఎల్‌లో అన్నీ రాసి చూడాలి. పాఠకుడికి ఏది ముందు కావాలో ఆ క్రమంలో. ఈ దశలో ఆ పేజీ సెర్న్ వారి పేజీలాగే ఏ వెడల్పుకైనా సరిపోతుంది. ఇక్కడి నుంచి రాసే ప్రతి సీఎస్‌ఎస్ వాక్యమూ ఆ గుణాన్ని చెడగొడుతుందా లేదా అన్నదే పరీక్ష. ఇరుకు తెరకు ముందు రాసి, జాగా పెరిగే కొద్దీ నియమాలు చేర్చుకుంటూ పోవాలి. లూక్ రోబ్లెవ్‌స్కీ 2009 నుంచి ‘మొబైల్ ఫస్ట్’ పేరుతో చెబుతూ వచ్చింది ఇదే. దీనివల్ల ఇంకో లాభం ఉంది. 360 పిక్సెళ్లలో తిరిగే బ్యానర్లకు, ‘చైర్మన్ సందేశం’ పెట్టెలకు జాగా ఉండదు. ఏది అవసరమో ఏది అలంకారమో యజమానితో తేల్చుకోక తప్పదు.

ఫొటోల విషయం త్వరగా తేలుతుంది. మ్యాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో. ఈ రెండూ రాస్తే బొమ్మ తన గది దాటదు, ఆకారం చెడదు. అలాగని కెమెరా నుంచి దిగిన 4000 పిక్సెళ్ల ఫొటోను 360 తెరకు పంపడం మాత్రం కస్టమర్ డేటాను తగలేయడమే. ఒకే ఫొటోను మూడు నాలుగు సైజుల్లో ఉంచి, ‘సోర్స్‌సెట్’ ద్వారా బ్రౌజర్‌నే ఎంచుకోనివ్వాలి. బొమ్మ వెడల్పు, ఎత్తు అంకెలు హెచ్‌టీఎంఎల్‌లో రాసి ఉంచితే, బొమ్మ దిగేలోపే బ్రౌజర్ దాని జాగా అట్టేపెడుతుంది. లేకపోతే చదువుతున్న వాక్యం ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది.

చీరల వరసలకు సీఎస్‌ఎస్ గ్రిడ్ ఉంది. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ ఒకే నెలలో దీన్ని అందించాయి. బ్రౌజర్ల చరిత్రలో అంత ఐకమత్యం అరుదు. ‘ఒక్కో చీరకు కనీసం 16 రెమ్ ఇవ్వు, ఎన్ని పడితే అన్ని నిలువు వరసలు పెట్టు, మిగిలింది సమానంగా పంచు’ అని ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్ అనే రెండు మాటలతో చెప్పేయొచ్చు. 16 రెమ్ అంటే మామూలు సెట్టింగులో 256 పిక్సెళ్లు. నడుమ సందు 16, రెండు అంచుల్లో 16 చొప్పున 32 అనుకుంటే, 360 ఫోన్‌లో ఒక వరస, 683 విండోలో రెండు, 1366 తెరలో నాలుగు వస్తాయి. ఏ ఫోన్ పేరూ ఎక్కడా రాయలేదు, ఒక్క మీడియా క్వెరీ కూడా లేదు. 1920 తెరలో లెక్క ప్రకారం సరిగ్గా ఏడు పడాలి. విండోస్‌లో నిలువు స్క్రోల్‌బార్ ఓ 15 పిక్సెళ్లు మింగేస్తుంది కాబట్టి ఆరే వస్తాయి. పర్వాలేదు. ఏడు వచ్చినా ఆరు వచ్చినా పేజీ బాగుండటమే ఈ పద్ధతిలోని సుఖం.

ఒక చోట మాత్రం ఇది తన్నుతుంది. మడిచిన ఫోల్డ్‌లో 280లో అంచులకు పోను మిగిలేది 248, చీరకు కావాల్సింది 256. ఎనిమిది పిక్సెళ్లు కుడి అంచులోకి పొడుచుకొస్తాయి. 240 తెరలోనైతే చీర తెరనే దాటి పేజీ మొత్తం అడ్డంగా ఊగుతుంది. 16 రెమ్ అని ఊరుకోకుండా ‘16 రెమ్, 100 శాతం రెండింటిలో ఏది తక్కువైతే అది’ అని మిన్ ఫంక్షన్‌తో రాస్తే ఆ ఊగిసలాట ఆగుతుంది.

అంతా బాగుందనుకునేలోపు దుకాణం ఆవిడ ఫోన్ చేస్తుంది.

“ఏం బాబూ, నువ్వు చూపించినప్పుడు నాలుగు చీరలు వరసలో ఉన్నాయి. నా ఫోన్లో ఒక్కటే కనపడుతోందేంటి?”

“నాలుగూ పెడితే ఒక్కోటి గోరంత అవుతుందండీ. అంచు పనితనం కనపడదు మరి.”

“నాలుగు వద్దులే, రెండైనా పెట్టు. బేరం చేసేవాళ్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు.”

ఆవిడ చెప్పింది సబబే. వ్యాపారం ఆవిడకు తెలుసు. ఇప్పుడు మీడియా క్వెరీ అవసరం నిజంగా వచ్చింది. మరి ఎక్కడ గీత గీయాలి? అలవాటు ప్రకారం చాలామంది 768 అని రాసేస్తారు, తొలి ఐప్యాడ్ వెడల్పు అదే కాబట్టి. ఇక్కడ ఐప్యాడ్‌తో పనేముంది? రెండు చీరలకు 256 చొప్పున 512, సందు 16, అంచులు 32, మొత్తం 560. అంటే 35 రెమ్. ఆ లోపల ఎప్పుడూ రెండే వరసలు, ఆపైన పాత ఆటో-ఫిట్ నియమం. స్క్రోల్‌బార్ జాగా మింగనంతవరకు 560 దగ్గర పాత నియమం కూడా రెండు వరసలే ఇస్తుంది కాబట్టి మార్పు జరిగినట్టే తెలియదు. ఆ గీత, అంటే బ్రేక్‌పాయింట్, ఎక్కడ ఉండాలో చీర చెప్పింది, ఫోన్ కంపెనీ కాదు. రేపు ఇంకో వెడల్పుతో ఇంకో ఫోన్ వచ్చినా ఈ లెక్క మారదు.

పెద్ద అక్షరాల శీర్షికకు క్లాంప్ అనే ఫంక్షన్ సరిపోతుంది. కనీసం 1.5 రెమ్, గరిష్ఠం 3 రెమ్, నడుమ ‘1 రెమ్ కలిపి విండో వెడల్పులో రెండున్నర శాతం’. 360 ఫోన్‌లో అది 25 పిక్సెళ్లు అవుతుంది, 1366 లాప్‌టాప్‌లో 48 దగ్గర ఆగుతుంది. నడుమ భాగంలో ఆ 1 రెమ్ తీసేసి వట్టి శాతం రాస్తే ఒక ఇబ్బంది ఉంది. విండో వెడల్పును బట్టి నడిచే అక్షరాలు జూమ్ చేసినా సరిగా పెరగవు.

2022, 2023 మధ్య అన్ని ప్రధాన బ్రౌజర్లలోకీ వచ్చిన కంటైనర్ క్వెరీల గురించి కూడా తెలుసుకోవాలి. మీడియా క్వెరీ మొత్తం విండోను అడుగుతుంది. కంటైనర్ క్వెరీ తానున్న గదిని అడుగుతుంది. ఒకే చీర కార్డు పెద్ద వరసలో ఫొటో పక్కన రాతతోనూ, ఇరుకు పక్కవరసలో ఫొటో కింద రాతతోనూ తనంతట తానే సర్దుకోవాలంటే ఇదే దారి.

తెలుగులో పేజీ చేసేవారికి ఇంగ్లిష్ పాఠాల్లో దొరకని చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరానికి కింద తోక ఉంటే ఉంటుంది. తెలుగులో ఒత్తులు ఒకదాని కింద ఒకటి దిగుతాయి, పైన గుడులూ తలకట్టులూ లేస్తాయి. స్త్రీ, రాష్ట్రం లాంటి మాటలున్న రెండు వరసల మధ్య లైన్-హైట్ 1.4 పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. తెలుగుకు 1.7 దగ్గర మొదలుపెట్టి ఫాంటును బట్టి సర్దుకోవడం మేలు. మండలి, సూరన్న, రామభద్ర లాంటి ఉచిత తెలుగు ఫాంట్లన్నీ ఒకే సైజులో పెట్టినా అక్షరాలు ఒక్కోదానిలో ఒక్కో ఎత్తులో, ఒక్కో వెడల్పులో వస్తాయి. ఫాంటు మార్చిన ప్రతిసారీ వరసలు మళ్లీ చూసుకోవాలి.

పెట్టెలకు ఎత్తు బిగించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. బటన్ ఎత్తు 32 పిక్సెళ్లు అని రాసి, మించినది దాచేయమంటే, మొదట తెగేది ఒత్తే. ‘కార్ట్’ అన్నచోట బాగా పట్టిన బటన్ ‘కార్టులో చేర్చండి’ అనగానే చిరుగుతుంది. ఎత్తు, వెడల్పు రాయకుండా నాలుగు వైపులా ప్యాడింగ్ ఇస్తే మాట ఎంత పొడుగైనా బటన్ దానితో పాటే పెరుగుతుంది. వేలికి అందేంత పెద్దదిగానూ ఉండాలి. ఆపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 యూనిట్లు ఉండాలని సూచిస్తాయి. ఇక తెలుగు మాటలు అతుక్కుని పెరిగే తీరు ఉంది. ‘చేయించుకోవాలనుకుంటున్నవారికి’ అన్నది ఒక్కటే మాట. శీర్షికలో దాన్ని పెట్టి 280 తెరలో చూస్తే మాట గోడ దూకుతుంది. ఓవర్‌ఫ్లో-ర్యాప్ నియమం రాసి ఉంచితే, మరీ పట్టనప్పుడు మాత్రమే విరుగుతుంది. ధరల దగ్గర దీనికి తిరకాసు. ‘రూ.’ ఒక వరస చివర, 12,500 తర్వాతి వరస మొదట పడితే చూడటానికి అసహ్యంగా ఉంటుంది. ఆ రెంటి నడుమ విరగని ఖాళీ పెట్టాలి.

మన దగ్గర ఇంకో రోగం ఉంది, బొమ్మలో అక్షరాలు. యూనికోడ్ ఇంకా కుదురుకోని కాలంలో తెలుగు అందరి కంప్యూటర్లలోనూ సరిగా కనిపించేది కాదు. కాబట్టి ఫొటోషాప్‌లో రాసి బొమ్మగా పెట్టేవారు. ఆ కారణం ఎప్పుడో పోయింది, అలవాటు పోలేదు. పండగ ఆఫర్ అంతా ఒక పోస్టర్ బొమ్మలో రాసి సైట్లో పెట్టేస్తారు. 1366లో చదవగలిగిన ఆ అక్షరాలు 360లో నాలుగో వంతుకు కుంచించుకుపోతాయి. బొమ్మలోని వాక్యం కొత్త వరస కట్టుకోలేదు. వెతికితే దొరకదు, చూపు లేనివారికి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అందదు. పోస్టర్ వాట్సాప్‌కు పెట్టి, సైటులో అదే విషయం టైపు చేయడం ఒక్కటే మందు.

ఇంత చేసినా పేజీ అడ్డంగా ఊగితే దొంగను పట్టుకునే పద్ధతి ఒకటుంది. అన్నిటికీ ఎర్ర ఔట్‌లైన్ గీయమని సీఎస్‌ఎస్‌లో తాత్కాలికంగా ఒక వాక్యం రాస్తే, గోడ దాటి బయటికి వచ్చిన పెట్టె ఇట్టే కనపడుతుంది. చాలాసార్లు దొంగలు పాతవాళ్లే. ఒకటి, వెడల్పు 100 వీడబ్ల్యూ, అంటే విండో వెడల్పంతా, అని రాసిన పెట్టె. అందులో స్క్రోల్‌బార్ జాగా కూడా కలిసిపోతుంది కాబట్టి విండోస్ మీద అది తరచూ కాస్త బయటికే ఉంటుంది. వట్టి 100 శాతం సరిపోతుంది. ఇంకొకటి, విరగని పొడుగాటి లింకు. మరొకటి పట్టిక. కొరియర్ చార్జీల పట్టికను నిజంగా ఇరుకు చేయలేం. దాన్ని ఒక పెట్టెలో పెట్టి ఆ పెట్టెను మాత్రమే అడ్డంగా జరిపేలా చేస్తే పేజీ నిలకడగా ఉంటుంది. ఫారంలో పేరు రాసే గడిలో అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గితే, ఐఫోన్ సఫారీ గడి తాకగానే తనంతట తానే జూమ్ అయిపోతుంది. అది కూడా చాలామంది లేఅవుట్ లోపం అనుకుని వెతుక్కునే సంగతే.

ఇరుకు గురించి ఇంత మాట్లాడుకుని వెడల్పును వదిలేయడం తప్పు. నేత గురించి రాసిన నాలుగు పేరాలు 1920 మానిటర్ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరుచుకుంటే, వరస చివరికి వెళ్లిన కన్ను తర్వాతి వరస మొదలు వెతుక్కోలేదు. పాఠానికి మ్యాక్స్-విడ్త్ పెట్టాలి. ఇంగ్లిష్‌కు వరసకు 45 నుంచి 75 అక్షరాలు అని అచ్చుపనివారి లెక్క. సీఎస్‌ఎస్‌లో ‘సీహెచ్’ అనే కొలత సున్నా అంకె వెడల్పును బట్టి నడుస్తుంది కాబట్టి, తెలుగుకు 65 సీహెచ్ అని రాసినంత మాత్రాన 65 అక్షరాలు పట్టవు. వరసకు ఎనిమిది పది మాటలు వచ్చేలా కంటితో చూసి నిర్ణయించుకోవడమే నయం.

దీని మీద పెద్ద గొడవే జరిగింది. ఏళ్ల తరబడి విండో ఎంత ఉంటే అంతా పరుచుకున్న ఇంగ్లిష్ వికీపీడియా, 2023 జనవరిలో ‘వెక్టర్ 2022’ రూపంతో పాఠం వెడల్పుకు హద్దు పెట్టింది. చదవడానికి సులువని వికీమీడియా వారు అన్నారు. రెండు పక్కలా తెల్లటి ఖాళీ దండగని పాత సంపాదకులు మండిపడ్డారు. చివరికి పేజీ మూలన ఒక బటన్ పెట్టారు. నొక్కితే పాఠం పూర్తి వెడల్పుకు సాగేది, మళ్లీ నొక్కితే తగ్గేది. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. వ్యాసం చదివేవాడికి ఇరుకు వరస కావాలి, పట్టికలు సరిదిద్దేవాడికి వెడల్పు కావాలి. ఉప్పాడ దుకాణంలో చీరల గ్రిడ్‌కు పూర్తి జాగా ఇచ్చి, నేత కథకు మాత్రమే హద్దు పెట్టడం ఈ పాఠం నుంచి నేర్చుకోదగ్గ పద్ధతి.

పని అప్పగించే ముందు పరీక్షలకు ఫోన్ల కుప్ప అక్కర్లేదు. క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో ఎఫ్12 నొక్కి, కంట్రోల్, షిఫ్ట్, ఎం కలిపి నొక్కితే వెడల్పు మార్చి చూసే పలక వస్తుంది. అందులో ఫోన్ పేర్లు ఎంచుకుంటూ పోవడం కన్నా, అంచు పట్టుకుని 240 నుంచి 1920 దాకా నెమ్మదిగా లాగడం ఎక్కువ తప్పులు పట్టిస్తుంది. ఫిగ్మా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన బొమ్మలు సాధారణంగా రెండు మూడు వెడల్పులకే ఉంటాయి. పేజీ విరిగేది వాటి నడుమ, ఎవరూ గీయని చోట. ఆ తర్వాత ఒకసారి 200, ఒకసారి 400 శాతం జూమ్. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల సైజు పెంచి ఒకసారి. చివరగా తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి అడిగి తెచ్చుకుని, వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి తెరిచి చూడాలి. దుకాణానికి వచ్చే కస్టమర్లలో ఎక్కువమంది ఆ దారిలోనే వస్తారు.

ఒప్పందం కాగితంలోనూ ఈ లెక్కలు రాసుకోవడం మంచిది. ‘డిజైన్ బొమ్మలో ఉన్నట్టే అన్ని తెరల మీదా ఉండాలి’ అని క్లయింట్ రాయిస్తే సంతకం పెట్టకూడదు, అది ఎవరూ తీర్చలేని షరతు. దాని బదులు ఇలా రాయొచ్చు: 320 నుంచి 1920 దాకా ఏ వెడల్పులోనూ పేజీ అడ్డంగా జరగకూడదు. 240లో అన్నీ చదవగలగాలి, అందం కాస్త తగ్గినా సరే. ఏ బటన్‌లోనూ ఒత్తు తెగకూడదు. ధర, ఫోన్ నంబరు రెండు వరసలుగా విరగకూడదు. ఇవి కొలిచి చూడగల షరతులు. బిల్లు దగ్గర పేచీ వస్తే విండో అంచు పట్టుకుని ఇద్దరూ కలిసి లాగి చూసుకోవచ్చు.